నీళ్ల గడికి వేసిన అతుకు

ఒక ఆట ఉంటుంది. ఆ ఆటకొక లోకం, ఆ లోకానికి కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. ఆట బాగా నడిస్తే దాని పేరు మీద నవలలు వేస్తారు. నవల రాసేవాడు ఆట ఆడడు. ఆడేవాడు నవల చదివి, మన లోకంలో ఇలా జరగదు కదా అని మండిపడతాడు. ఈ తగాదా కంప్యూటర్లతో పాటు పుట్టిందని మీరు అనుకుంటున్నారు. నిరుడు మా చెల్లెలి మనవరాలు అలాంటి నవల ఒకటి ఒళ్లో పెట్టుకుని, రాసినవాణ్ణి అరగంట తిట్టింది. నేను విని ఊరుకున్నాను. అలాంటి నవలలకు ప్రొద్దుటూరులో నేను ప్రూఫులు దిద్దానని దానికి చెప్పలేదు.

ఇప్పుడు చెబుతాను. ప్రూఫులు చూసే పనిలోనో, కథలు సరిచూసే పనిలోనో ఉన్న పిల్లలు చదవాలని రాస్తున్నాను. మిగిలినవాళ్లు చదివినా నష్టం లేదు.

మాది జమ్మలమడుగు. మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగాను. మా తాతా పంతులే, మా నాయనా పంతులే. నేనూ టీచరు ట్రైనింగ్ చేశాను గానీ పోస్టు రాలేదు. ఏదో ఒక పార్టీ పెద్ద దగ్గర ఉత్తరం తెచ్చుకుంటే తప్ప పోస్టు రాని రోజులవి. మా నాయన ఎవరి గడపా తొక్కనన్నాడు. తొక్కనివాళ్ల పిల్లలు ఏం చేస్తారో నేనూ అదే చేశాను, దొరికిన పనిలో చేరాను. ప్రొద్దుటూరులో ఒక శెట్టిగారి ప్రెస్సులో ప్రూఫ్ రీడరు పని. పోస్టు రాకపోయినా పేరు మాత్రం వచ్చింది. ప్రెస్సులో అందరూ నన్ను టీచరమ్మ అనే పిలిచేవాళ్లు.

పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో తిరిగి వచ్చేదాన్ని. అన్ని ఏళ్లలో కిటికీ పక్క సీటులో ఎప్పుడూ కూర్చోలేదు. ఎక్కడో ఒక పల్లెలో ఎవరినో నరికితే ఇక్కడ బస్సు అద్దాలు పగిలేవి. పాత ముఠాలు పార్టీ జెండాలు కట్టుకున్న కాలం అది. తాతల నాటి పగకు కొత్తగా రంగు వేసినట్టు, ఈ వీధి ఒక పార్టీ, ఆ వీధి ఇంకో పార్టీ. ఏ రోజు బస్సు ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. నా కాళ్లు ఎప్పుడూ దిగడానికి సిద్ధంగా ఉండేవి. ఇప్పటికీ బస్సులో చెప్పులు విప్పి కూర్చోలేను.

మా ప్రెస్సులో రెండు పార్టీల కరపత్రాలూ వేసేవాళ్లం. ఒక పార్టీ వాళ్లు పొద్దున వస్తే, రెండోవాళ్లు మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చేవాళ్లు. ఇది ఎవరూ రాసి పెట్టిన రూలు కాదు. సిరా ఆరకముందే ఎదుటివాళ్లు గడపలోకి వస్తే, శెట్టిగారు తాపీగా ఆ కాగితాల మీద పెళ్లిపత్రికలు పరిచేవారు. వచ్చినవాళ్లూ పెళ్లిపత్రికల కింద ఏముందో తెలిసి కూడా ఎత్తి చూసేవాళ్లు కాదు. రాయని కట్టుబాటు ఎంత గట్టిదో నేను రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా బుద్ధి రాలేదు.

ఆట తెచ్చింది ఒక డ్రాయింగ్ మాస్టారు. పులివెందుల అవతల ఒక పల్లె ఆయనది, అక్కడి బడిలోనే పని. సన్నగా, బెరుగ్గా ఉండేవాడు. ఒకరోజు గుడ్డ అంటించిన అట్టను తెచ్చి శెట్టిగారి బల్ల మీద పరిచాడు. ఏడు బురుజులు, మధ్యలో నది, అడవి, ఎగిరే గుర్రం, మూగ మాంత్రికుడు, రెండు రాజవంశాలు. అన్నీ చేత్తో వేసినవే. నది ఒడ్డున నీలం రంగు గడి ఒకటి, అది నీళ్ల గడి. శెట్టిగారు నవ్వుతూ ఆడటానికి కూర్చున్నారు. రెండు గంటల తర్వాత ఓడిపోయి లేచారు. ఓడిపోయిన ఆటను వదిలిపెట్టే మనిషి కాదు, అప్పటికప్పుడే అచ్చు వేద్దామన్నారు.

నియమాలు తొమ్మిది. వాటిని నేను నోటుబుక్కులో ఎక్కించుకుంటుంటే మాస్టారు పక్కన నిలబడ్డాడు.

"అన్నీ మీ ఇష్టం వచ్చినట్ల మార్చుకోండమ్మా. ఐదోది మాత్రం మార్చొద్దండి" అన్నాడు.

ఐదో నియమం ఇది: నీళ్ల గడిలో ఉన్న కాయను ఏ కాయా కొట్టరాదు, శత్రువుల కాయలు రెండూ ఆ గడిలో కలిసి ఉండవచ్చు. అష్టాచెమ్మలో కాయను చంపకూడదని కాటా గుర్తు వేసిన ఇల్లు లేదా, అలాంటిదే అనుకున్నాను. నోటుబుక్కులో "ఐదు: మార్చరాదు" అని రాసి కింద గీత గీశాను. ఎందుకు మార్చకూడదని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం నా ఉద్యోగంలో నేను చేసిన మొదటి తప్పు. గీత మాత్రం చాలా చక్కగా గీశాను.

ఆట బాగా పోయింది. బస్టాండు అంగళ్లలో, తిరునాళ్లలో, ఎండాకాలం సెలవుల్లో ఎక్కడ చూసినా ఏడు బురుజుల అట్టలే. దాంతో శెట్టిగారికి ఆశ పుట్టింది. ఆ బురుజుల మీద చిన్న చిన్న నవలలు వేయిద్దామని వేంపల్లె నుంచి ఒకాయనను పిలిపించారు. ఆయన నాలుగు పేర్లతో డిటెక్టివ్ నవలలు రాసే మనిషి. మేం నవలాయన అనేవాళ్లం. వారానికొక పుస్తకం రాయగలడు, మధ్యలో టీ మాత్రం ఆగకూడదు. ఆటను ఒక్కసారి కూడా ఆడలేదు.

మొదటి పుస్తకంలోనే ఎగిరే గుర్రం నది దాటింది. రెండో నియమం ప్రకారం గుర్రం నది దాటకూడదు. దాటడమే కాదు, రాజు తలపాగా మరిచిపోయాడని వెనక్కి వచ్చి మళ్లీ దాటింది. రెండో పుస్తకంలో మూగ మాంత్రికుడు మూడో పేజీలో నోరు తెరిచి పదకొండో పేజీ దాకా ఉపన్యాసం ఇచ్చాడు. దువ్వూరు నుంచి ఒక కార్డు వచ్చింది: "మీ నవలలో గుర్రం నది దాటినది. అది చూపించి నేను ఆటలో దాటిస్తే మా మామ ఒప్పుకొనుట లేదు. మూడు దినములుగా మా ఇంట మాటలు లేవు. ఎవరిది న్యాయమో తెలుపగలరు." చాపాడు నుంచి ఇంకొకాయన పుస్తకాన్నే తిప్పి పంపాడు, ప్రతి తప్పు దగ్గరా ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టి.

నేను నోటుబుక్కు పట్టుకుని నవలాయన ముందు నిలబడేదాన్ని. ఆయన టీ గ్లాసు దించకుండానే నవ్వేవాడు.

"నియమం తప్పకపోతే కథ యాడ పుడుతుంది టీచరమ్మా? అందరూ బుద్ధిగా ఉంటే నేనేం రాయాల?"

"తప్పినవాడికి శిక్ష అయినా ఉండాలి కదండీ. మీ కథలో తప్పాడని కూడా ఎవరికీ తెలియడం లేదు."

"అట్లయితే నువ్వే ఏదైనా ఒక మాట ఏసి సర్దు. చదువుకున్నదానివి గదా."

ఆయన ఆటపట్టించడానికే అన్నాడు. నేను నిజంగానే సర్దాను. మూడో పుస్తకంలో గుర్రం మళ్లీ నది దాటితే, ఆ గుర్రం తల్లి నీటిజాతిదని ఒక వాక్యం చేర్చాను. కార్డులు ఆగిపోయాయి. దువ్వూరు ఇంట్లో మాటలు మళ్లీ మొదలైనట్టు కూడా ఒక కార్డు వచ్చింది. శెట్టిగారు పొంగిపోయి దానికి టీచరమ్మ అతుకు అని పేరు పెట్టారు. "నేను చించుతా, టీచరమ్మ కుడతాది" అని నవలాయన వచ్చేపోయేవాళ్లకు చెప్పేవాడు. ప్రూఫ్ రీడరును ఎవరూ మెచ్చుకోరు పిల్లలూ. తప్పు దొరికితే తిడతారు, దొరక్కపోతే మరిచిపోతారు. అలాంటిదాన్ని మెచ్చుకుంటే నాకు తల తిరిగింది. ఆ రోజుల్లో బస్సు దిగి ప్రెస్సుకు నడిచేటప్పుడు నా అడుగు కూడా వేరేగా పడేదని ఇప్పుడనిపిస్తుంది.

నాలుగో పుస్తకం ఎలక్షన్ల ముందు వచ్చింది. ఊరూరా కత్తులు తిరుగుతున్నాయి. చదివేవాడికి రక్తం కావాలన్నాడు నవలాయన. కథలో పెద్ద రాకుమారుడు నీళ్ల గడి దగ్గర దోసిలి పట్టి నీళ్లు తాగుతుంటే శత్రువు వెనక నుంచి వచ్చి నరుకుతాడు.

ప్రూఫు నా చేతికి వచ్చినప్పుడు నిజంగా కోపం వచ్చింది. నోటుబుక్కు తీసి ఐదో నియమం కింద గీత చూపించాను. శెట్టిగారు కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఏమ్మా, ఈ ఒక్కసారికి ఏదన్నా అతుకు ఎయ్యి. నీ చేతిలో పని గదా" అన్నారు. ఆ మధ్యాహ్నమంతా ముభావంగా కూర్చున్నాను. సాయంత్రం బస్సు టైముకు నాకొక వాక్యం తట్టింది. తట్టగానే కోపం పోయింది. సిగ్గుతో రాస్తున్నాను, సంతోషం కూడా వేసింది. గేలీ ప్రూఫు అంచున ఎర్ర సిరాతో రాసిచ్చాను:

"అమావాస్య నాడు నీళ్ల గడికి కాపు లేదని పూర్వులు పెట్టిన కట్టుబాటు."

పూర్వులు అన్న మాట చూసి నవలాయన మురిసిపోయాడు. ఆ మాటతో నిన్న సాయంత్రం పుట్టిన వాక్యానికి వందేళ్ల వయసు వచ్చింది.

పుస్తకం బయటికి వచ్చిన కొన్నాళ్లకు డ్రాయింగ్ మాస్టారు ప్రెస్సుకు వచ్చాడు. అమావాస్య ఇంకా మూడు రోజులుంది. కూర్చోమంటే కూర్చోలేదు. నా బల్ల ముందు నిలబడి, పుస్తకం తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇది నేనే చదివినానమ్మా" అన్నాడు. "మన ఊరోళ్ల ఆట గదా అని, ప్రతి పుస్తకమూ మా ఊరి టీ అంగట్లో గట్టిగా చదివి వినిపిస్తా. రెండు పక్కలోళ్లూ కూర్చోని వింటారు. ఈ మాట నోట్లో నుంచి వచ్చేసినాక గానీ ఏం చదువుతాండానో నాకు తెలీలా."

"కథే కదా మాస్టారూ" అన్నాను.

 ఆయన చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"మా ఊర్లో మంచినీళ్లు ఒక్కచోటే పడినాయి. ముందు బావి ఉన్నెది, ఇప్పుడు బోరింగు. మా నాయన కాలం నుంచి రెండు గుంపులోళ్లు నరుక్కుంటానే ఉండారు. బోరింగు కాడ మాత్రం ఎవరూ ఎవర్నీ తాకరు. బిందె దించినోడు ఎవడైనా గానీ, వాని జోలికి పోరు. ఎవరు పెట్టినారో తెలీదు. యాడా రాసి లేదు. రాసింది నేనొక్కణ్ణే, ఈ ఆటలో."

నా చేతిలో పెన్ను ఉంది. దాన్ని మూసి పక్కన పెట్టాను.

"మా అన్న బెయిలు మీద వచ్చినాడమ్మా. ఇంట్లో నుంచి కాలు బయట పెట్టేది ఆ బోరింగు కాడికొక్కటే. పొద్దున రెండు బిందెలు ఎత్తుకోని పోతాడు. అరుగు మీద గంటసేపు కూర్చోని, నలుగురితో మాట్లాడి వస్తాడు. ఆ గంటే ఆయనకు బతుకు. ఇప్పుడు ఊర్లో వయసోళ్లు నవ్వులాటకు అంటాండారు, అమావాస్యకు కాపు లేదంట గదా అని. మా అన్న నన్ను పిలిచి అడిగినాడు, ఇది పాతకాలం నుంచి ఉన్నెదేనారా అని. లేదు, ప్రెస్సోళ్లు పెట్టినారు అన్నా. అంత పెద్ద ప్రెస్సోళ్లు ఊరికే పెట్టరు గదా అన్నాడు."

అక్కడితో ఆగి, పుస్తకం మూశాడు.

"ఎవరు రాసినారమ్మా ఈ మాట? ఆ వేంపల్లె ఆయనేనా?"

నేను తల ఊపాను. నోటితో అవునని అనలేదు. అనలేదు కదా అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

మాస్టారు అడిగింది చిన్న సాయం. "ఒక తెల్లకాగితం మీద అది తప్పని చేత్తో రాసి, సంతకం పెట్టి ఇయ్యి టీచరమ్మా. ఈ పొద్దే తీసుకుపోయి మా అన్నకు, ఆ పక్క పెద్దాయనకు చూపిస్తా."

ఇక్కడే నన్ను మీరు సరిగ్గా చూడాలి. రాసి ఉంటే రెండు నిమిషాల పని. "చేతిరాతను ఎవరు నమ్ముతారు మాస్టారూ? అచ్చులో వచ్చిన తప్పును అచ్చులోనే దిద్దాలి. సవరణ చీటీ వేయించి, అమావాస్యకల్లా నేనే మీ ఊరికి తెచ్చి ఇస్తాను" అన్నాను. ప్రూఫ్ రీడరుకు తప్ప ఇంకెవరికీ రాని తెలివి అది. దాని వెనక ఇంకొకటీ ఉంది. చేత్తో రాస్తే కింద నా సంతకం పెట్టాలి. పెడితే, ఆ వాక్యం గురించి నీకెలా తెలుసని అడుగుతాడేమోనని భయం. రెండూ కలిసి నా చేతిని ఆపాయి. ఏది ఎంత ఆపిందో నాకూ తెలియదు.

కంపోజిటరు సాయిబు చీటీకి అక్షరాలు పేర్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. మిషను ఖాళీ కావడానికి రెండు రోజులు పట్టింది. పొద్దున ఒక పార్టీ, మధ్యాహ్నం ఇంకో పార్టీ, మధ్యలో సందు లేదు. శెట్టిగారిని అడిగితే విసుక్కున్నారు.

"మన తప్పు మనమే అచ్చేసుకోని ఊరంతా పంచుదామంటావా? అదీ ఎలక్షన్ల పని ఆపి?"

"ప్రాణం మీదికి వచ్చిందండీ."

"కథల పుస్తకానికి ఎవరన్నా సస్తారామ్మా?" అన్నారు. చెడ్డవాడు కాదు, నిజంగానే నమ్మలేదు. రెండో రోజు భోజనాలకు అందరూ లేచాక, సాయిబు అన్నం క్యారియరు మూసిపెట్టి వచ్చి ట్రెడిల్ మిషను తొక్కాడు. నేను కాగితాలు అందించాను. "మినహాయింపు ఏ రోజూ లేదు" అన్న వాక్యం మళ్లీ మళ్లీ నా చేతిలోకి వచ్చి పడింది. సాయిబు ఒక్క మాటే అన్నాడు: "ఒకటి చేత్తో రాసి పంపింటే ఈపాటికి చేరింటాది బేటీ." నేను ఇంకో కాగితం అందించాను.

మర్నాడు అమావాస్య. ప్రెస్సుకు సెలవు పెట్టి, చీటీల కట్ట అన్నం సంచిలో పెట్టుకుని, జమ్మలమడుగులో పులివెందుల పోయే మొదటి బస్సు ఎక్కాను. ముద్దనూరులో బస్సు ఆపేశారు. ఒక పార్టీ వాళ్లు రోడ్డు మీద బైఠాయించారు. కారణం ఎవరినో అరెస్టు చేశారనో, చేయలేదనో. డ్రైవరు దిగి బీడీ వెలిగించాడు. నేను బస్సు చుట్టూ తిరిగాను. ఎక్కాను, దిగాను. కండక్టరును మూడుసార్లు అడిగాను. నాలుగోసారి ఆయన, "ఏమ్మా, పెండ్లికా, సావుకా, అంత తొందర?" అన్నాడు.  ఎండ ఎక్కుతూనే ఉంది. సంచిలో చీటీలకు నా చేతి చెమట అంటుకుంది.

పులివెందులలో బస్సు మారి ఆ పల్లెలో దిగేసరికి బాగా పొద్దెక్కింది. మాస్టారు పొద్దున్నుంచీ రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. నా చేతిలో కట్ట చూసి ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగును నేను ఇప్పటికీ మరిచిపోలేను, ఎందుకంటే దానికి నేను తగను. ఇద్దరం గబగబా బోరింగు దగ్గరికి నడిచాం. బడి వెనక, రెండు వీధులూ కలిసేచోట ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. అరుగు మీద ఒక ముసలాయన కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆ పక్క గుంపుకు పెద్దాయన అతనేనని మాస్టారు నా చెవిలో చెప్పాడు.

మాస్టారు నా దగ్గర కట్ట అందుకుని, ఒక చీటీ తీసి అందరికీ వినబడేట్టు చదివాడు. చివరిదాకా చదివాడు. ముసలాయన చేయి చాపి చీటీ తీసుకున్నాడు. ఆయనకు చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ ముక్క చెప్పను ప్రొద్దుటూరు నుంచి వచ్చినావామ్మా?" అన్నాడు.

"అవునండీ. పుస్తకంలో తప్పు పడింది."

"పుస్తకంలో ఏం పడితే మాకేంది? మా తాత ఈ నీళ్ల కాడ ఎవర్నీ తాకలా. మా నాయన తాకలా. నేను తాకలా. అమావాస్య ఏంది, పున్నమి ఏంది. మీరు రాస్తే ఉండేదీ కాదు, కొట్టేస్తే పోయేదీ కాదు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతదూరం నుంచి వచ్చి చీవాట్లు తిని అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకరు ఉండరు. మాస్టారు కూడా నవ్వాడు. నవ్వుతూ అరుగు వైపు చూసి, "మా అన్న వచ్చిపోయినాడా?" అని అడిగాడు.

బిందె ఎత్తుకోబోతున్న ఒక ఆమె ఆగింది.

"ఈ పొద్దు రాలేదు గదా. మీ వదిన చెప్తాంది, అమావాస్య తలస్నానం చేని కాడ మోటారు కింద చేస్తానని పోయినాడంట, కరెంటు వచ్చే యాళకు. బోరింగు కాడికి ఈ ఒక్కరోజు వద్దులే అన్నాడంట."

మాస్టారి చేతిలోని కట్ట జారిపోయింది. ఆయన చేల వైపు పరుగెత్తాడు. చీటీలు బోరింగు తడిలో పడ్డాయి. నేను వంగి వాటిని ఏరుతూ కూర్చున్నాను. ఎందుకు ఏరానో తెలియదు. తడిస్తే సిరా చెదురుతుందని అనుకున్నట్టున్నాను. ఇంకో నాలుగు ఏరేలోపు చేల వైపు నుంచి అరుపు వినబడింది. తర్వాత చాలామంది అరుపులు వినబడ్డాయి. ఆడవాళ్లు బిందెలు అక్కడే వదిలి ఇళ్లలోకి పోయారు.

అరుగు మీద ముసలాయన, కింద నేను మిగిలాం. ఆయన కదల్లేదు. ఏం జరిగిందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన చీటీ నాకు తిరిగి ఇచ్చాడు.

"ఈడికి వచ్చి కూర్చోనుంటే మావోళ్లు వాణ్ణి తలెత్తి కూడా సూసేవాళ్లు కాదమ్మా" అన్నాడు. "ఆ పుస్తకాన్ని మేం నమ్మలా. వాడు నమ్మినాడు."

పోలీసు జీపు వచ్చాక నన్ను పులివెందుల దాకా దాంట్లోనే తెచ్చి బస్సు ఎక్కించారు. ఎందుకు వచ్చావని అడిగితే చీటీ చూపించాను. ఆ పోలీసాయన చదివి, నన్ను ఎగాదిగా చూసి జేబులో పెట్టుకున్నాడు. పిచ్చిదనుకున్నాడేమో.

ఆ తర్వాత నవలాయన ఒకసారి ప్రెస్సుకు వచ్చాడు. టీ చెప్పినా తాగలేదు. వేంపల్లె బస్టాండులో మాస్టారు ఆయనకు ఎదురుపడ్డాడట.

"నన్ను ఒక్క మాట అనలేదు టీచరమ్మా. మొగం చూసి పోయినాడు. ఆ వాక్యం నేను రాయలేదని చెప్పొచ్చు. చెప్పి, నిన్ను చూపించాల్నా?"

"చూపించాల్సింది" అన్నాను.

"నువ్వే పోయి చెప్పు" అన్నాడు. కోపంగా అనలేదు. ఏడు బురుజుల నవల మళ్లీ ముట్టుకోలేదు. నేనూ పోయి చెప్పలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఉండగానే మాస్టారికి వేరే ఊరు బదిలీ అయింది. ఆ నింద నవలాయన నా బదులు మోశాడు. ఆయన చనిపోయినప్పుడు వేంపల్లె పోయి దూరంగా నిలబడి వచ్చాను.

మీరు నియమాలు సరిచూసే పనిలో ఉన్నవాళ్లు. గుర్రం నది దాటిందని ఎవరైనా కార్డు రాస్తే నవ్వుకోండి, తప్పు లేదు. కానీ ఎవరైనా ఒక నియమాన్ని మాత్రం మార్చొద్దని చెబితే, ఎందుకని అడగండి. అతుకు వేయడం చేతనైనంత మాత్రాన వేయొద్దు. చిరుగు కనబడితే ఎవరో ఒకరు జాగ్రత్తపడతారు. నేను కుట్టిన చోట చిరుగు కనబడలేదు, కొత్త గుడ్డే అనుకున్నారు. ఇంకేదైనా చెబుదామనుకున్నాను గానీ, అందరికీ బుద్ధి చెప్పే అర్హత నాకుందా అని చేయి ఆగిపోతోంది.

ఎలక్షన్లు అయిపోయి, వానలు పడ్డాక, ఆటను మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. అట్టకు మరకలు పడ్డాయని శెట్టిగారు మాస్టారికి కబురు చేశారు. ఆయన రాలేదు. కొత్త పటం గీసి, చుట్టి, బస్సు పార్సిలులో పంపాడు. సాయిబు తాడు విప్పి నా బల్ల మీద పరిచాడు. ఏడు బురుజులు ఉన్నాయి. నది, అడవి, గుర్రం, మూగ మాంత్రికుడు, అన్నీ ముందుకంటే బాగా వేశాడు. నది ఒడ్డున మాత్రం అంతా పచ్చరంగు గడ్డే. నీలం గడి లేదు.

నియమాల కాగితం వేరేగా పెట్టాడు. తొమ్మిది కాదు, ఎనిమిది. ఆరోదాన్ని పైకి జరిపి ఐదోదిగా రాశాడు.

"చూడమ్మా, తప్పులేమన్నా ఉండాయేమో" అన్నారు శెట్టిగారు.

పటాన్నీ నియమాలనూ పక్కపక్కన పెట్టుకుని మూడుసార్లు చూశాను. ఒకదానికొకటి ఎక్కడా తేడా లేదు. తప్పులేమీ లేవని రాసి, కింద నా సంతకం పెట్టాను.